ముళ్ళు లేని భోజనం

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఆయనతో నాకున్న తంటా అంతా అదే.

ఆ రోజు సాయంత్రం నాన్న మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఇప్పటికీ బండికి జెండా ఊపాల్సినవాడిలాగే బతుకుతాడు. మా ఇంటికొస్తే కుర్చీ అంచున కూర్చుని, కాఫీ తాగి, గోడ గడియారం వంక చూసి "వేళయింది" అని లేస్తాడు. అమ్మ పోయాక ఒక్కసారి కూడా మా ఇంట్లో ఎంగిలి పడలేదు. ఒక్కడే వండుకుని ఒక్కడే తినే ఆ మనిషిని తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. డాక్టరు తేలికైన తిండి తినమన్నాడని తెలిసి, చుక్క నూనెతో మిరియాల చేప, పక్కన సలాడ్ చేస్తానని ఆశపెట్టి ఒప్పించాను.

నాన్నకు చేపంటే ప్రాణం, ముల్లంటే భయం. అందుకే నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు నుంచి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమండీ, నాన్న వచ్చేసరికి ముళ్ళు తీసి పెట్టండి. ఒక్కటి కూడా ఉండకూడదు."

"చిన్నది కూడానా?"

"చిన్నదే ముందు తియ్యండి. దాంతోనే గొడవంతా."

"నాకూ ఎప్పట్నుంచో అదే అనిపిస్తోంది," అన్నాడు. ఎందుకలా అన్నాడో అడగకపోవడం నా బుద్ధితక్కువ.

ఇంటికి వచ్చేసరికి కీరా, టమాటా, ఉల్లిపాయ తరిగి గాజు గిన్నెలో పెట్టి ఉన్నాయి. కీరా చక్రాలు వాచీ అద్దాలంత పల్చన. మురిసిపోయాను. చేప మాత్రం కొన్నది కొన్నట్టే పళ్ళెంలో పడుకుని నా వంక చూస్తోంది.

"ముళ్ళు తియ్యమన్నానుగా?"

"తీశాగా," అని సీసా మూత ఒకటి చూపించాడు. అందులో మూడు ముళ్ళున్నాయి. పెద్దది, చిన్నది, సెకన్లది. తలెత్తి చూస్తే గోడ మీద గడియారం బోసిమొహం వేసుకుని ఉంది.

"మీ నాన్న టైము చూసుకుని లేచిపోకూడదనేగా నీ ఉపాయం? భలే ఆలోచన," అన్నాడు. పైగా మెచ్చుకోలు.

నెత్తీ నోరూ కొట్టుకుందామనుకునేలోపు తలుపు చప్పుడైంది. నాన్న ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు.

చేపను ముక్కలు చేసి, ఉప్పు, పసుపు, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి పట్టించి పెనం మీద వేశాను. ఆ వాసనకు నాన్న కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు. అలవాటుగా గోడ వంక చూశాడు. తర్వాత చెయ్యి చూసుకున్నాడు. చేతి వాచీ రిపేరుకని మా ఆయన దగ్గరే ఉంది.

నిమ్మకాయ పిండి, సలాడ్‌తో వడ్డించాను. "ముళ్ళు తియ్యడం కుదర్లేదు నాన్నా," అన్నాను ఏడుపు ఆపుకుంటూ. నాన్న చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మా ఆయన లేచి, కంటికి భూతద్దం తగిలించుకుని, వాచీల పనికని కొన్న కొత్త పట్టకారు వేడినీళ్ళలో కడిగి తెచ్చాడు. నాన్న ముందున్న పళ్ళేన్ని తన వైపుకు లాక్కున్నాడు. "ఒక్క నిమిషం, మామయ్యగారూ."

ఆ ఒక్క నిమిషం ఎంతసేపో చెప్పగల గడియారం ఇంట్లో లేదు. ఒక ముక్క బాగుచేయగానే నాన్న తినేవాడు. తర్వాతి ముక్క వచ్చేలోపు సలాడ్ నమిలేవాడు. ఊరికే కూర్చోలేక మాటలు మొదలుపెట్టాడు. అమ్మ కట్టిచ్చిన క్యారియరు ప్లాట్‌ఫారం మీద మర్చిపోయి, బండి ఎక్కి పస్తు ఉన్న సంగతి చెప్పాడు. అమ్మ మాట ఆయన నోట విని ఎంత కాలమైందో. నా కళ్ళు నిండాయి. నింద ఉల్లిపాయ మీద వేశాను.

"టైమెంతయి ఉంటుందమ్మా?"

"ఏమో నాన్నా. ముళ్ళు లేవుగా."

నవ్వి, ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మా ఆయన వైపు తిరిగాడు.

"అల్లుడూ, నా వాచీకి తొందరేం లేదు," అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, "ఆ గోడ గడియారానిక్కూడా," అన్నాడు.