ఏడో లైను జెండా

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. గోదావరిఖని పాత క్వార్టర్ల కాలనీకి ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా వచ్చిన అనసూర్య సంగతి అచ్చం అదే. పుట్టిందీ పెరిగిందీ ఆ కాలనీ ఏడో లైనులోనే. రెండు జడలతో, కారుతున్న ముక్కుతో తనను చూసినవాళ్ళ ముందు తెల్ల చొక్కా వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని నిలబడితే ఎవరికి భయం? ఆమె విజిల్ ఊదుతుంది. ముగ్గురెక్కిన బైకు ఆగదు సరికదా, మీదున్న పెద్దమనిషి తల తిప్పి అన్నం తిన్నవా బిడ్డా అని అడిగి మరీ పోతాడు. హెల్మెట్ లేదని చలాన్ రాస్తే, దాన్ని మరదలు రాసిన ఉత్తరమని నలుగురికీ చూపించుకు తిరిగిన బావ కూడా ఒకడున్నాడు.

అనసూర్య బెదిరే రకం కాదు. నవ్వండి, ఎన్నాళ్ళు నవ్వుతారో నేనూ చూస్తా అనుకునేది.

నవ్వులాట కాని రోజు రానే వచ్చింది. చౌరస్తాలో సిగ్నల్ తప్పించుకోవడానికి బూడిద మోసే టిప్పర్లు ఏడో లైనులోంచి అడ్డంగా దూరేవి. బడి వెనక గేటు ఆ లైనులోకే తెరుచుకుంటుంది. బడి వదిలిన వేళ ఒక టిప్పర్ వెనక కొక్కేనికి ఐదో తరగతి చదివే హర్షిణి సంచి తగులుకుంది. పిల్లను పది గజాలు ఈడ్చుకుపోయింది. సంచి పట్టీ తెగింది కాబట్టి బతికింది, తెగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె జారుతుంది. మోచేతికి పదకొండు కుట్లు పడ్డాయి.

ఆడవాళ్ళంతా రోడ్డు మీద బైఠాయించారు. ఇన్‌స్పెక్టర్ ఉపేందర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు గానీ, చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట వినే మనిషి. ఆ రోజు చివరగా మాట్లాడింది హర్షిణి తల్లి. దాంతో ఆయన అక్కడికక్కడే ఆర్డర్ వేశాడు. సోమవారం నుంచి శనివారం దాకా, మూడింటి నుంచి నాలుగుంపావు వరకు ఏడో లైను మూత. ఏ బండీ నడవకూడదు, బైకులైనా దిగి తోసుకుపోవాలి. వారం నిలబెట్టి చూపిస్తే పక్కా ఆర్డర్, లేకపోతే బారికేడ్ ఎత్తేస్తా అన్నాడు. అని అనసూర్యను అందరి ముందుకు పిలిచి, బాధ్యత ఈ అమ్మాయిదే అన్నాడు. కాలనీ అంతా ఆమె మొహం వంక చూసింది. ఆ చూపులో నమ్మకం కంటే జాలి ఎక్కువుంది. అది ఆమెకు చురుక్కున తగిలింది.

లైనుకు రెండు కొసలు, అనసూర్య ఒక్కతే. బడి వైపు కొసకు బారికేడ్ పెట్టి తాను నిలబడింది. నీళ్ళ ట్యాంకు వైపు కొసకు హోంగార్డును ఇస్తామన్నారు, ఇవ్వలేదు. సోమవారం ట్యాంకు వైపు నుంచి నాలుగు టిప్పర్లు, లెక్కలేనన్ని బైకులు దూసుకొచ్చాయి. ఆమె ఇటు నుంచి పరుగెత్తి విజిల్ ఊదితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ తండ్రి సదయ్యతో చెప్పుకుంది. సదయ్య ఒకప్పుడు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ గ్యాంగు మనిషి. ఇరవై రెండేళ్ళ క్రితం బ్లాస్టింగులో రాయి ఎగిరొచ్చి కుడి మోకాలు నుజ్జయింది. అప్పటి నుంచి చంక కర్రే ఆయన కాలు. ఆ రాయి సంగతి ఆయన ఇంట్లో ఎన్నడూ ఎత్తడు, ఎత్తనివ్వడు.

ట్యాంకు కాడ నిలబడడానికి ఒక మనిషి కావాలె బాపూ, అంది అనసూర్య. సదయ్య ఆలోచించను కూడా లేదు.

"ఎల్లేశాన్ని అడుగు. ఆయన తప్ప ఇంకోడు వద్దు" అన్నాడు.

ఎల్లేశం నాలుగిళ్ళ అవతల ఉంటాడు. రిటైరై ఆరేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు బ్లాస్టింగు వేళ దారి మీద ఎర్ర జెండా పట్టిన మనిషి. సైరన్ మోగగానే గనికి వచ్చే ప్రతి దారి మీదా ఒకడు జెండాతో నిలబడతాడు. మందు పేలి, అంతా చూసుకుని, ఇక భయం లేదని తేలేదాకా చీమను కూడా పోనివ్వడు. అనసూర్య వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూచుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. సంగతంతా విన్నాడు. చేతిలో కాయలు పక్కన పెట్టాడు.

ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని అడిగాడు. చెప్పింది. ఎవరిని వదలాలి అని అడిగాడు. అంబులెన్సును తప్ప ఎవరినీ వద్దంది.

"మరి జెండ దించుమని ఎవలు చెప్తరు?"

"నేనే చెప్త కాకా."

"నువ్వే అంటే నువ్వే రావాలె బిడ్డా. నిలబెట్టినోళ్ళే వచ్చి తియ్యాలె. కబురు పంపుడు, ఫోను చేసుడు నడవది. నువ్వు లైను కొస దాక నడిచి, కండ్లతోని చూసి, నా ముంగటికి వచ్చి చెప్పాలె."

ముసలాయన చాదస్తమనుకుని అనసూర్య నవ్వుతూ సరేనంది. ఆయన నవ్వలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు. నేనే వచ్చి చెప్తానని రెండోసారి చెప్పించుకున్నాక గానీ లోపలికి వెళ్ళి జెండా తేలేదు.

మంగళవారం మూడింటికి ట్యాంకు దగ్గర ఎర్ర జెండా లేచింది. ఏం చెప్పమంటారు, విజిల్‌కు ఆగని కాలనీ జెండాకు ఆగింది. బొగ్గు నేల మీద పుట్టినవాడికి ఎర్ర గుడ్డ కనబడితే కాలు దానంతటదే బ్రేకు తొక్కుతుంది. అది చట్టం మీద భయం కాదు, ప్రాణం మీద భయం. ముగ్గురెక్కిన బైకు కిర్రున ఆగింది. మరదలి ఉత్తరం బావ బండి దిగి, తలొంచుకుని తోసుకుంటూ పోయాడు. గనుల్లో తిరిగిన టిప్పర్ డ్రైవర్లయితే మాట్లాడకుండా వెనక్కి తిప్పుకున్నారు. కిరాణా కొట్టు రబియా బీ కొడుకు ఖైజర్ సామాన్ల ఆటో కూడా అక్కడే ఆగిపోయింది. ఆమె చెయ్యి ఊపుకుంటూ వచ్చి నూనె డబ్బాలు ఎండలో పెడతావా అని దులిపేసింది. ఎల్లేశం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. దులిపి దులిపి ఆమే అలిసిపోయి, చివరికి ఆయనకు చాయ్ పంపింది. రెండో రోజు నుంచి చాయ్ తిట్లు లేకుండానే వచ్చేది.

అయితే ఆ మంగళవారమే అనసూర్య ఒక తప్పు చేసింది. నాలుగింటికి చౌరస్తాలో రెండు బైకులు గుద్దుకున్నాయని కబురొస్తే అటే పరుగెత్తింది. బడిపిల్లలు ఎలాగూ వెళ్ళిపోయారు, టైమైతే కాక ఇంటికి పోతాడులే అనుకుంది. పనంతా తెమిలి ఆరున్నరకు తిరిగొస్తే ట్యాంకు దగ్గర జెండా ఇంకా లేచే ఉంది. బైకులవాళ్ళు విసుక్కుంటూ చుట్టూ తిరిగి పోతున్నారు. ఎల్లేశం ట్యాంకు గోడకు వీపు ఆనించాడు, చెయ్యి మాత్రం దించలేదు. అనసూర్యకు సిగ్గుతో మొహం ఎత్తబుద్ధి కాలేదు.

"ఇంటికి పోవద్దా కాకా?"

"నువ్వు తియ్యలేదు గద బిడ్డా" అన్నాడాయన, అందులో నిష్ఠూరమేమీ లేదు.

ఆ రోజు నుంచి ఆమె మరిచిపోలేదు. నాలుగుంపావు కొట్టగానే బడి గేటు నుంచి ట్యాంకు దాకా లైనంతా నడిచేది. వాకిళ్ళు, సందులు, ఆగిన ఆటోల వెనకలు, అన్నీ చూసుకుంటూ పోయి, తియ్యి కాకా అనేది. చూసినవా అని అడిగేవాడు. చూసిన అనేది. అప్పుడు జెండా దిగేది. బుధ, గురువారాల్లో ఒక్క బండి కూడా లైనులోకి రాలేదు. పిల్లలు లైను మధ్యలో నడిచారు. కనకవ్వ అనే ముసలామె తన మేకను కూడా రోడ్డు మీదకు వదిలింది. ఇక కాలనీలో అనసూర్య విజిల్‌కు కూడా విలువొచ్చింది.

శుక్రవారం మూడున్నరకు ఇన్‌స్పెక్టర్ ఉపేందర్ జీపు ట్యాంకు వైపు వచ్చింది. ఆ జీపు వెనక ఐదు టిప్పర్లు వరసగా ఉన్నాయి. పొద్దున టిప్పర్ల ఓనర్లు స్టేషన్‌కు వచ్చి చివరిగా మాట్లాడి వెళ్ళారు మరి. చౌరస్తాలో ట్రిప్పులు ఆలస్యమవుతున్నాయని వాళ్ళ గోల. ఆయన వాళ్ళకు మాట ఇచ్చేశాడు, తానే ముందుండి లైను తెరిపిద్దామని బయల్దేరాడు.

ఎల్లేశం జీపు ముందు జెండా పట్టాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎల్లేశం కదల్లేదు. ఉపేందర్ దిగి, తానెవరో తెలుసా అన్నాడు. తెలుసు సార్, మా అనసూర్య పెద్దసారు అని వినయంగానే చెప్పాడాయన. చెప్పాడే గానీ జెండా దించలేదు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. టిప్పర్ల డ్రైవర్లు ఐదుగురూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఆయన ఫోను తీసి అనసూర్యకు కలిపాడు, నీ ముసలాయనకు చెప్పు అని గద్దించి, ఫోను ఎల్లేశం చెవి దగ్గర పెట్టబోయాడు. ఎల్లేశం తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఫోన్ల మాట వద్దు సార్. మనిషి రావాలె."

అనసూర్య బారికేడ్‌కు తాళం వేసి, దాన్ని చూస్తుండమని బడి ఆయాకు అప్పజెప్పి వచ్చింది. వస్తుంటే వెనక బడి గంట మోగింది. ఆమె ట్యాంకు దగ్గరికి చేరేసరికి పిల్లలు లైను నిండా ఉన్నారు. ఉపేందర్ ఆమెను చూడగానే జెండా దించమని చెప్పు, ఇది నా ఆర్డర్ అన్నాడు. ఏడేళ్ళ నౌకరీలో పైవాళ్ళ మాట ఆమె ఎన్నడూ కాదనలేదు. ఎల్లేశం వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడకుండా ఇన్‌స్పెక్టర్‌తో నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇరవై రెండేండ్ల కింద గనిల గూడ పెద్ద సారే చెప్పిండు సార్. నా జీపు పోవాలె, మందు పేలింది, జెండ దించు అన్నడు. నన్ను నిలబెట్టినాయన ఇంక రాలే. పెద్ద సారు గద అని నేను దించిన. అవతలి దారి మీద ఉన్న సదయ్య నా జెండ దిగింది చూసి, అంత అయిపోయిందనుకొని లోపలికి నడిచిండు. ఒక్క మందు పేలకుంట మిగిలున్నది. అది అప్పుడు పేలింది." జెండా పట్టిన చెయ్యి మార్చుకున్నాడు. "గా సదయ్య ఈ పిల్ల తండ్రి."

ఇరవై రెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఈ మనిషి తమ గడపలో కూచుని బాపుతో చాయ్ తాగుతున్నాడు. ఎవరు జెండా దించారో ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమెకు ఒక్కసారిగా కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ రెంటినీ మింగింది. మింగి, నడుము నిటారుగా చేసి ఇన్‌స్పెక్టర్‌కు సెల్యూట్ కొట్టింది.

"నాలుగుంపావుకు లైను చూసొచ్చి చెప్త సార్. మీరు ఇచ్చిన ఆర్డరే అది. రేపు శనివారం దాక నడుస్తది. అటెన్క మీ ఇష్టం."

ఉపేందర్ ఏదో అనబోయాడు. అంతలో లైనులోంచి పిల్లల గుంపు ఆయన జీపు ముందు నుంచి దాటింది. ఆ గుంపులో హర్షిణి ఉంది. కట్టు కట్టిన మోచేయి ఇంకా వంగదు, సంచి ఎడమ భుజానికి వేసుకుంది. బండ్లేవీ లేని రోడ్డు మీద ఆ పిల్ల వెనక్కి నడుస్తూ స్నేహితురాలితో కబుర్లు చెబుతోంది. వెనక్కి నడవడమంటే భయం లేకపోవడమే కదా. ఐదు టిప్పర్లనూ చూసి ఒక్క క్షణం ఆగింది. ఎర్ర జెండాను చూసి, మళ్ళీ అలాగే వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అది చూశాడు. జీపులో కూచుని డ్రైవర్‌ను ఇంజన్ ఆపమన్నాడు. నలభై నిమిషాలు ఆ జీపు అక్కడే ఉంది. రబియా బీ ఆయనకు కూడా చాయ్ పంపింది.

నాలుగుంపావుకు అనసూర్య లైనంతా నడిచింది. సందుసందూ చూసింది. తిరిగొచ్చి ఎల్లేశం ఎదురుగా నిలబడింది.

"తియ్యి కాకా."

"చూసినవా?"

"కొస దాక చూసిన."

జెండా దిగింది. దారి తెరుచుకుంది, అయినా ఉపేందర్ లైనులోకి రాలేదు. టిప్పర్లను వెనక్కి తిప్పించి, చౌరస్తా మీదుగానే పొమ్మన్నాడు. పోతూ పోతూ పక్కా ఆర్డర్ కాగితం సోమవారం పొద్దున వచ్చి తీసుకొమ్మని అనసూర్యకు చెప్పాడు. ఈసారి చివరగా ఎవరు మాట్లాడినా ఆ మాట మారదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి సదయ్య గడపలో కూచుని ఉన్నాడు. అనసూర్య టోపీ తీసి ఆయన పక్కన కూలబడింది. అంతా తెలిసిందని చెప్పింది. జెండా దించినవాడు ఆయనేనని తెలిసి కూడా నన్ను ఆయన దగ్గరికే ఎట్లా పంపినవ్ బాపూ అని అడిగింది.

సదయ్య చంక కర్రను గోడకు ఆనించాడు.

"దవాఖానల కండ్లు తెరవంగనే సార్లకు ఒక్కటే చెప్పిన బిడ్డా. ఎల్లేశాన్ని తీసెయ్యకుండ్రి, రేపటిసంది జెండ ఆయనకే ఇయ్యుండ్రి అన్న. అందరు నాకు పిచ్చి లేసిందనుకున్నరు." నాలుగిళ్ళ అవతల అరుగు మీద, జెండా మడత పెడుతున్న మనిషి వైపు చూశాడు. "ఎన్నడు దించనోడు రేపు దించవచ్చు. ఒక్కపారి దించి నా కాలు చూసినోడు మల్ల దించడు."