పాల తీపి

నాకు జాలి అంటే ఒళ్లు మంట. అందులోనూ పంచదార కలిపిన జాలి అంటే మరీ అసహ్యం.

నేను దర్జీ పని చేస్తాను. కుడి కంట్లో పొర వచ్చి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా మా ఆయన్ని పిలవాల్సిన గతి పట్టింది. షుగరు అదుపులోకి వస్తేనే పొర తీస్తానని కంటి డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

"చల్లటి కాఫీ ఒక్కటీ మానలేనమ్మా" అన్నాను.

"కాఫీ మానక్కర్లేదు, పంచదార మానండి. ఖాళీ కడుపుతో కాకుండా భోజనం అయ్యాక తాగండి. కొన్నాళ్లకు నాలుక అలవాటు పడి, పాలలో ఉండే తీపే చాలనిపిస్తుంది" అంది.

రిటైరయ్యాక వంటిల్లు మా ఆయన చేతికి వచ్చింది. మామూలు ఐసు కరిగితే కాఫీ నీళ్లనీళ్లగా అయిపోతుందని, చిక్కటి కాఫీనే ట్రేలో పోసి గడ్డ కట్టిస్తాడు. ఆ ముక్కల మీద చల్లటి పాలు పోసి తెచ్చి కుట్టు మిషను పక్కన పెడతాడు. మొదట్లో మొహం చిట్లించాను. తర్వాత నిజంగానే తీపి తెలియసాగింది. నా నాలుక దారికొచ్చిందని మురిసిపోయి, జాకెట్టు కొలతలకు వచ్చిన వాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

షుగరు మాత్రం కొండెక్కి కూర్చుంది. ఆపరేషను వాయిదా పడింది. మళ్లీ పరీక్ష, మళ్లీ వాయిదా. "దొంగచాటుగా ఏం తింటున్నారు?" అని డాక్టరమ్మ అందరిలో అడిగితే తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోతే సింకులో ఐసు ట్రే ఉంది. దాని గళ్ల నిండా చీమలు. నా మసక కంటికే కనిపించాయంటే ఎన్ని ఉన్నాయో! గడి అడుగున అంటుకున్నది వేలితో తీసి నాకి చూశాను. పాకం!

"ఏమిటండీ ఇది?"

"కాఫీలో వెయ్యొద్దన్నావు, వెయ్యలేదుగా! ఐసులో కాస్త... అది కరిగేలోపు నువ్వు సగం తాగేస్తావులే అనుకున్నా."

"మిగతా సగం ఎవరి కడుపులోకి పోయింది?"

"చేదు మింగుతుంటే నీ మొహం చూడలేకపోయానే."

ఛీ! ఎంత పుక్కిలించినా నోట్లో జిగట పోలేదు. నా మొహం చూడలేక నా కన్ను తాకట్టు పెట్టాడు మహానుభావుడు. ఆ పాకాన్ని పాల తీపి అనుకుని ఊరంతా డప్పు కొట్టుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ట్రేని వేడినీళ్లతో తోమి పెట్టాను. అప్పటినుంచి గ్లాసు రాగానే ఒక ముక్క తీసి ఆయనకే ఇస్తున్నాను. ఆయన ఆముదం తాగిన మొహం పెడితేనే నేను తాగుతాను.

నిన్న డాక్టరమ్మ ఆపరేషనుకు సరేనంది. మా ఆయన సంబరంగా కాఫీ తెచ్చాడు. నేను ముక్క అందించాను.

"షుగరు దిగింది కదే! ఇంకా నమ్మకం లేదా నా మీద?"

"కంటి కట్టు విప్పగానే మొదట చూసేది మీ మొహం కాదు, ఆ ఐసు ట్రే. నమలండి."

ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. మొహం ముడుచుకుపోయింది. అప్పుడు తాగాను.