రీసెట్ మీట నొక్కకండి

"దీపం సంగతి కాదు, అంకె చదవండి," అన్నాడు మిరోన్. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. రెండు చేతులూ ఎవరిదో వంటింట్లో, ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్ కింద పైపుల మధ్య ఉన్నాయి. అవతలివాడు అంకె చదవలేదు. ఏదో వచ్చిందనీ, రీసెట్ నొక్కితే పోయిందనీ, మళ్ళీ వస్తే మళ్ళీ నొక్కామనీ, పొద్దుటి నుంచీ ఇంటిల్లిపాదీ వంతులేసుకుని అదే పని మీద ఉన్నామనీ చెప్పాడు. మిరోన్ కళ్ళు మూసుకుని, సాయంత్రం ఎవరినైనా పంపుతామన్నాడు.

బ్రయిలా ఊళ్ళో చలికాలమంతా ఇదే భాగోతం. పశువు నోరు లేనిది, దానికి రోగమొస్తే కనిపెట్టడం కష్టం. బాయిలర్ అలా కాదు, తనకెక్కడ నొప్పో తానే అంకె వేసి మరీ చెబుతుంది. ఊళ్ళో ఎక్కువ ఇళ్ళలో ఉన్న కంపెనీ వాటిలో ఈ-10 అంటే లోపల నీళ్ళ ఒత్తిడి పడిపోయిందని. కిందున్న చిన్న కుళాయి కొంచెం తిప్పి, ఒత్తిడి చూపే ముల్లు ఒకటి దాటగానే కట్టేస్తే సరిపోతుంది. ఈ-01 అంటే మంట అంటుకోలేదని. ముందు గ్యాసు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. రీసెట్ ఒక్కసారి నొక్కితే తప్పులేదు. మళ్ళీ అదే అంకె వస్తే మాత్రం దాని మాట వినాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ మిరోన్ నోరు పడిపోయింది. జనానికి ఆ రీసెట్ లిఫ్టు మీటలాగే కనిపిస్తుంది.

మిరోన్ ఇప్పుడున్న ఇంటి యజమాని నీళ్ళ కుళాయి అనుకుని గ్యాసు కుళాయి కట్టేశాడు. అంతకుముందు వెళ్ళిన ఇంట్లో టాక్సీ డ్రైవరు గోడ మీది థర్మోస్టాట్‌లో బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసుకున్నాడు. భార్యాపిల్లలు కోట్లు తొడుక్కుని మ్యాచ్ చూస్తున్నారు.

మిరోన్‌కి అరవై దగ్గర పడ్డాయి. భారీ మనిషి, పొగాకుకి పసుపెక్కిన మీసం, ప్యాంటు మోకాళ్ళకి తోలు అతుకులు. వయసులో ఉండగా ఓడల కర్మాగారంలో వెల్డింగు చేసేవాడు. అక్కడ మనుషుల్ని తీసేసినప్పుడు ఈ పని నేర్చుకున్నాడు. అప్పటి నుంచీ లిఫ్టు లేని అపార్టుమెంట్ల మెట్లెక్కడం, పరాయి వంటిళ్ళలో మోకాళ్ళ మీద కూర్చోవడం, రాత్రికి ఇంటికెళ్ళి భార్య సవేతా పోసిన పుల్లటి సూపు తాగి ఆమె మాట సగంలో ఉండగానే నిద్రపోవడం. పిల్లల్లేరు. ఫలానా వీధి ఫలానా అంతస్తులో ఏ బాయిలర్ ఉందో అడిగితే చెబుతాడు గానీ, పెళ్ళి ఏ నెలలో అయిందంటే తడుముకుంటాడు.

ఆకురాలే కాలం నుంచీ మెట్లెక్కుతుంటే రొమ్ము నడుమ ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కుతున్నట్టుండేది. ఎడమ చెయ్యి బరువెక్కేది. మెట్ల మలుపులో ఆగి, గుండె మీద పిడికిలితో నాలుగు గుద్దుకుని, మళ్ళీ ఎక్కేవాడు. సవేతా పోట్లాడి గుండె డాక్టరు దగ్గర వేళ ఖాయం చేయించింది. అది ఇవాళే, మధ్యాహ్నం. తప్పితే మళ్ళీ ఈస్టరు దాటాకే. ఊరందరి బాయిలర్ల మాటా వింటావు, నీ ఒంటి మాట వినవా అని పొద్దున్న గుమ్మంలో నిలబడి అడిగింది. వెళ్తానన్నాడు. నిజంగానే వెళ్దామనుకున్నాడు.

వ్యాను ఆసుపత్రి దారి పట్టాక ఆఫీసు నుంచి కబురొచ్చింది. అగ్లాయా గారింట్లో ఈ-03, రేపు చూసినా ఫరవాలేదు అని. ఫరవాలేదట. బయట ఈశాన్యం నుంచి క్రివత్స్ గాలి చెవులు కోసేస్తోంది. ఆవిడకి ఎనభై దాటాయి, ఒంటరిది. ఇదిగో ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని తనకి తాను చెప్పుకుని వ్యాను తిప్పాడు.

నాలుగో అంతస్తు. మలుపు దగ్గర పిడికిలితో గుద్దుకున్నాడు.

అగ్లాయా మూడు స్వెట్టర్లు, తల మీద ఉన్ని గుడ్డతో తలుపు తీసింది. తీసిన మరుక్షణం మూసేసింది, సందుగాలి కొడుతుందని. వేసంగిలో కూడా ఎదురెదురు కిటికీలు తెరవనివ్వదు ఆవిడ. ఆ ఊళ్ళో సందుగాలికి భయపడని వాళ్ళు లేరు. పంటి నొప్పి దాని వల్లే, మెడ పట్టేసినా దాని వల్లే. ఏమైనా ముట్టుకున్నారా అని మిరోన్ అడిగితే, ఏమీ ముట్టుకోలేదు నాయనా, రీసెట్ మాత్రం నొక్కానంది. ఎన్నిసార్లు అని అతను అడగలేదు.

ఈ-03 అంటే యంత్రానికి ఊపిరాడటం లేదని. పొగ బయటికి పోయి, బయటిగాలి లోపలికి రావాలి. అది జరగడం లేదు. మిరోన్ బాయిలర్ మూత విప్పి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, గొట్టాలు బాగున్నాయి. ఫోను మోగింది. సవేతా. తియ్యలేదు. ఇక మిగిలింది గోడలోంచి బయటికి పోయే పొగగొట్టం. కిటికీ తెరిచాడు. అగ్లాయా కెవ్వున అరిచి నడవలోకి పారిపోయింది. నడుం దాకా బయటికి వంగి, చెయ్యి చాపి గొట్టం నోట్లో వేళ్ళు పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగాడు. ఎర్ర ఉన్ని మేజోడు.

కిటికీ మూసి ఆ మేజోడు ఆవిడ ముఖం ముందు పట్టుకున్నాడు. రొప్పుతూనే అడిగాడు.

"ఏమిటి పిన్నిగారూ ఇది?"

"అందులోంచి చలిగాలి దూరుతోంది నాయనా, కిటికీ ఒక్క క్షణం తీసి చీపురుకర్రతో దూర్చాను. మా ఆయన్ని సందుగాలే కదా పొట్టన పెట్టుకుంది. గలాత్స్ ఊరికి పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు, మూతి వంకరపోయింది, వారం తిరక్కుండా పోయాడు."

"గాలి ఎవరినీ చంపదు. గాలి లేకపోతేనే చస్తారు. ఇది నోరూ ముక్కూ మూసినట్టు. అది ఊపిరాడట్లేదని మొత్తుకుంటుంటే మీరేమో నెత్తిన మొడుతున్నారు."

ఆవిడ తప్పు చేసిన పిల్లలా తల వంచుకుంది. అయినా నమ్మలేదని మిరోన్‌కి తెలుసు. రాత్రికి ఇంకో మేజోడు దూరుస్తుంది, దాని జత ఎలాగూ ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి దూరిస్తే గ్యాసు కట్టించేస్తానన్నాడు. చదువుకున్న మనవలు లేరా అన్నాడు. ముసలితనం వస్తే బుద్ధి కూడా రావాలన్నాడు. చివరికి అరవడానికి ఊపిరి చాలక, కిటికీ పక్క కుర్చీలో కూలబడి, మేజోడు కోటు జేబులో కుక్కుకుని, కళ్ళజోడు తీసి గట్టు మీద పెట్టాడు. ఫోను మళ్ళీ మోగి ఆగింది.

"ఇప్పుడు నొక్కండి, ఒక్కసారి," అన్నాడు.

ఆవిడ నొక్కింది. లోపల భగ్గుమని మంట లేచింది. అంకె పోయింది.

కాఫీ కాచిస్తాను, గుమ్మడికాయ కూరిన ప్లచింత రొట్టె కూడా ఉంది అంటూ ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. తిట్లు తిన్న మనిషి కదా, మంచి చేసుకుందామని మాట్లాడుతూనే ఉంది. మొగుడి సంగతి, రైలు సంగతి. ఇక దూర్చనులే అని కూడా అంది. మిరోన్ బదులు చెప్పకుండా ఊరుకోవడం ఏమిటా అని వెనక్కి తిరిగింది. గోడకి తల ఆనించి, పిడికిలి రొమ్ము మీదే ఉంచుకుని ఉన్నాడు.

అంబులెన్సు వాళ్ళు కాసేపు పాటుపడి లేచి నిలబడ్డారు. అగ్లాయా కొవ్వొత్తి వెలిగించింది. తరువాత కిటికీ దగ్గరికెళ్ళి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ప్రాణం పోయిన ఇంట్లో కిటికీ తెరవకపోతే ఆ ప్రాణం ఎటు పోతుంది? క్రివత్స్ గాలి తెరల్ని పైకప్పుకి విసిరికొట్టింది, కొవ్వొత్తి ఆర్పేసింది. తలుపు కూడా తీసే ఉంది. ఆవిడ ఆ రెండింటి మధ్యా నిలబడింది.

పక్కింటి నికొలెత గుమ్మంలోంచే, చెమటతో కిటికీలోంచి వంగాడు, సందుగాలి గుండెకి కొట్టేసిందని తేల్చేసింది. అంతస్తు అంతస్తుకీ అదే మాట పాకింది. బతికుంటే మిరోన్ మెట్ల మీదే అందరినీ నిలబెట్టి కడిగేసేవాడు.

సవేతా ఆసుపత్రి వసారా నుంచే పరుగెత్తుకొచ్చింది. అక్కడే ఎదురు చూస్తోందట. అతని జుట్టు సవరించి అడిగింది.

"చివర్లో ఏమైనా అన్నాడా?"

"తిట్టాడమ్మా. నన్నే. చాలాసేపు."

"అయితే బాగానే ఉన్నాడన్నమాట," అంది సవేతా, అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి గాలి పొగగొట్టంలో ఊళ వేస్తూనే ఉంది. అగ్లాయా సొరుగు తెరిచి, రెండో మేజోడు తీసి, కాలికి తొడుక్కుంది. ఒక కాలికే. ఆ గాలే అతన్ని చంపిందని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్ముతోంది. అయినా గొట్టం జోలికి పోలేదు. బాయిలర్ మంట నిలకడగా వెలుగుతోంది. కిటికీ గట్టు మీద, ఒక కాడకి రాగితీగ చుట్టిన అతని కళ్ళజోడు, అద్దాలకి ఆవిరి పట్టి, అలాగే ఉంది.