పది సెకన్ల గడువు

"తను వెళ్ళదులే అక్కా. నేనడిగాను, ఏమీ మాట్లాడలేదు."

ఆయన ఫోన్‌లో వాళ్ళక్కతో ఈ మాట అంటున్నప్పుడు నేను పక్కగదిలో ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. గబుక్కున తీశాను, కాలలేదు. కాలితే బాగుండుననిపించింది, అబద్ధమెందుకు.

అడిగిన మాట నిజమే. మొన్న పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, "అయితే వెళ్దామనే ఉందా నీకు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు రెండో లేసు కూడా అయిపోయింది. తలుపు లాగేసి వెళ్ళిపోయారు. ఆయన లెక్కలో అడగడమూ అయింది, నేను వద్దనడమూ అయింది.

వెళ్ళడమంటే మరో ఊళ్ళోని యూనివర్సిటీకి, ఆరు నెలలు. నేను సొంతంగా ఆలోచించి రాసుకున్న పరిశోధనకి చోటిస్తామన్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా జవాబు రాయాలి. రాయకపోతే ఆ చోటు తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళు పంపిన ఫొటోలో ఒక పొడవాటి బల్ల, కిటికీ పక్కన కుర్చీ. ఆ కుర్చీ వీపుకి ఎవరి స్వెట్టరైనా వేలాడుతోందేమోనని ఎన్నిసార్లు ఫొటో పెద్దది చేసి చూశానో. లేదు, ఖాళీగానే ఉంది. కూరలు తరుగుతున్నా, అత్తయ్య మందుల డబ్బాలో ఏ రోజు మాత్రలు ఆ రోజు గడిలో వేస్తున్నా, నా ప్రాణమంతా ఆ కుర్చీ మీదే. ఈ వయసులో ఒక కుర్చీ కోసం ఇంతగా కొట్టుకుపోతానని ఎవరైనా చెబితే నేనే నవ్వేదాన్ని.

"ఆరు నెలలంటే మాటలా? పిల్ల పరీక్షలు ఎవరు చూస్తారు?" అంది అత్తయ్య. దానికి తండ్రి కూడా ఉన్నాడు కదా అన్న మాట గొంతుదాకా వచ్చింది. నాకు మాటలు కాస్త ఆలస్యంగా వస్తాయి. మా ఇంట్లో అందరూ చకచకా మాట్లాడేస్తారు. నా వంతు వచ్చేసరికి సంగతి ఎప్పుడో టీవీ రిమోట్ మీదికి వెళ్ళిపోయి ఉంటుంది.

విడ్డూరమేమిటంటే, నేను జీతం తీసుకునేదే మనుషుల తటపటాయింపుని కొలిచినందుకు. మా ల్యాబ్‌లో, చూసేవాళ్ళే ముందుకి నడిపించే కథలు తయారుచేస్తాం. తెర మీద కథ నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగుతుంది. తర్వాత ఏం జరగాలో చూసేవాళ్ళు వేలితో తాకి చెప్పాలి. వాళ్ళ కళ్ళు ఎటు వెళ్ళాయో, చెయ్యి ఎంతసేపు గాల్లో ఆగిందో కెమెరాలు పట్టుకుంటాయి. అంతసేపూ వాళ్ళు మనసులో అనుకున్నది అనుకున్నట్టు పైకి చెబుతూ ఉండాలి. పక్కన కూర్చున్న నేను మాట్లాడకూడదు. మరీ ఊరుకుండిపోతే ఒక్కమాట అనొచ్చు: "ఏమనుకుంటున్నారో చెప్పండి." రోజుకి ఆరుగురిని ఈ మాట అడిగి ఇంటికొస్తాను. ఇంట్లో నన్ను అడిగేది చార్జర్ ఎక్కడుందని.

ఇప్పుడు నడుస్తున్న కథ నేను రాసిందే, నాకు ఏ పిలుపూ రాకముందు, ఏడాది క్రితం. ఒకామెకి వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఇంటిల్లిపాదీ తలో మాటా అంటారు. ఆమె ఉత్తరం పట్టుకుని మనవైపు తిరుగుతుంది. "వెళ్తాను", "ఉండిపోతాను" అని రెండు బటన్లు. కింద ఒక పచ్చగీత తరిగిపోతూ ఉంటుంది, పది సెకన్లపాటు.

"ఆడవాళ్ళలో నూటికి డెబ్బై మంది ఉండిపోవడాన్నే ఎంచుకున్నారు." ల్యాబ్ నడిపే సార్ నివేదికలో మొదటి వాక్యం ఇలా రాశారు. "మనం ఏదేదో ఊహించుకుంటాం గానీ, వాళ్ళకి కావాల్సింది అదేనమ్మా" అన్నారు నాతో. అక్కడా నాకు మాట ఆలస్యమైంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి మనిషిగా, మా ల్యాబ్ ఉన్న యూనివర్సిటీ గేటు పక్కన కుట్టుమిషను పెట్టుకునే టైలరమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయింది. తెర మీద కథ మొదలవగానే నేను ఏమీ అడక్కుండానే అందుకుంది. "ఈ అత్తగారు అచ్చం మా అత్తే. వీడెవరు, మొగుడా? తిండి మీంచి తలెత్తడేం?"

నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను. అంతలో ఉత్తరం పట్టుకున్నామె ఇటు తిరిగింది. టైలరమ్మ చెయ్యి లేచి సగంలో ఆగింది. నోరు మూతపడింది.

"ఏమనుకుంటున్నారో చెప్పండి" అన్నాను.

"ఉండమ్మా, ఆలోచించుకోనీ. కొత్త ఊళ్ళో ఇల్లు దొరకాలి, పిల్లల సంగతి..."

పచ్చగీత అయిపోయింది. తెర మీద ఆమె ఉత్తరం మడిచి, ఎంగిలి కంచాలు తీయడం మొదలుపెట్టింది.

"అదేంటి? నేనింకా ఏమీ చెప్పలేదే."

"టైమ్ అయిపోయిందండీ."

"అయితే? ఉండిపొమ్మని నేనన్లేదు కదా. మరెవరు చెప్పారు?"

మాట్లాడకూడదన్న నియమం అప్పటికే గాలికి పోయింది. "నేనేనండీ. ఎవరూ తాకకపోతే కథ ఆగిపోతుంది కదా. ఏదో ఒక దారి ముందే పెట్టాలి."

"ఏదో ఒకటైతే వెళ్ళే దారే పెట్టొచ్చుగా. ఏమనుకుని ఇది పెట్టావు తల్లీ?"

అడిగి ఊరుకుంది. టేపు కొస వేలికి చుట్టుకుంటూ, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేను చెప్పాల్సింది చెప్పేదాకా ఒక మనిషి ఇలా కూర్చుని ఎన్నేళ్ళయిందో. నాకు ఏడుపొచ్చేసింది. పది సెకన్లు దాటాయి, ఇరవై దాటాయి, ఆవిడ కదల్లేదు. నేను ఇన్నాళ్ళూ మొహం వాచిపోయింది కుర్చీ ఒక్కదానికే కాదని అప్పుడు తెలిసింది.

"ఏమీ అనుకోలేదండీ" అన్నాను చివరికి. "ఆలోచించకుండానే చెయ్యి దానిమీదికి పోయింది."

"సరే, ఇప్పుడు ఆలోచించు. మిషను మీద బట్ట అలాగే వదిలేసొచ్చాను" అని లేచి వెళ్ళింది.

పాత రికార్డింగులు తెరిచి కూర్చున్నాను. ఉండిపోతామన్నట్టు లెక్కకెక్కిన ఆడవాళ్ళలో చాలామంది ఏ బటన్‌నీ తాకనే లేదు. నర్సు, లెక్కల టీచరు, నిన్నగాక మొన్న పెళ్ళయిన అమ్మాయి. ఒక్కొక్కరి చెయ్యీ గాల్లో సగం లేచి ఉంది. వాళ్ళందరి నోటా ఆ మాట అనిపించింది నేను. ఆయన లేసులు కట్టుకుంటూ నాకు చేసిందే, కెమెరాలు పెట్టి మరీ వాళ్ళకి చేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సార్ గదిలోకి వెళ్ళి, "నివేదికలో మొదటి వాక్యం తప్పు సార్" అన్నాను. "వాళ్ళు ఎంచుకోలేదు. వాళ్ళ తరఫున నేను ఎంచాను."

"ఇప్పుడా చెప్పడం? సోమవారం పంపాలి కదమ్మా."

"ఆలస్యమైంది సార్. కానీ చెబుతున్నాను."

తిరిగొచ్చి పచ్చగీత తీసేశాను. ఇకమీదట చూసేవాళ్ళు చెప్పేదాకా ఆమె ఉత్తరం పట్టుకుని అలాగే ఎదురుచూస్తుంది. ఆ పని అయ్యేసరికి ఐదుకి పావుగంట తక్కువ. ఆ యూనివర్సిటీకి రెండు వాక్యాలు రాసి, మళ్ళీ చదువుకోకుండా పంపేశాను. అంతలో ఆయన ఫోన్.

"అక్క వాళ్ళు వస్తున్నారు, త్వరగా వచ్చెయ్. అన్నట్టు, ఆ యూనివర్సిటీ వాళ్ళకి రానని చెప్పేశావా?"

"వస్తున్నానని రాశాను."

అటువైపు చప్పుడు లేదు. అలవాటు కొద్దీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది దాటింది. ఆయన ఒప్పుకున్నారని నేను రాసుకోలేదు.

"ఏమనుకుంటున్నారో చెప్పండి" అన్నాను. చెప్పేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. నా జవాబు మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది.