మట్టయ్య కొట్టిన లైకు

నవనీత వీడియోకు లైకు కొట్టినవాళ్ల పేర్లు మహిపాల్ పొద్దున టీ తాగుతూ చదివాడు. మధ్యాహ్నం మళ్లీ చదివాడు. అందరూ తన మనుషులే. గరిడేపల్లి చుట్టూ ఇన్నేళ్లు రైతు సంఘం జెండా మోసింది తను. సూర్యాపేటలో ధర్నా చేసి లాఠీదెబ్బలు తిన్నది తను. ఈ కోదాడ పిల్ల నవనీత నిన్నగాక మొన్న సంఘంలో చేరింది. ఏం చేసింది? ఒకే కుప్పలోని వడ్లు మిర్యాలగూడలో రెండు మిల్లులకు తీసుకుపోయింది. తేమ చూసే మిషన్ ఒకచోట తక్కువ చూపింది, ఇంకోచోట ఎక్కువ చూపింది. తేమ ఎక్కువంటే ధర కోత. ఆ దొంగతనం ఫోన్‌లో తీసి పెట్టింది. ఊళ్లకు ఊళ్లు షేర్ చేశాయి.

పని మంచిదే. మంచిదని తెలుసు కాబట్టే మహిపాల్ కడుపు మండింది. అతని భార్య రమ్య కూడా షేర్ చేసింది. ఎందుకని అడిగితే, నువ్వు గంట అరిచినా అర్థం కాని ముచ్చట ఆమె నిమిషంలో చూపించిందని చెప్పి బియ్యం కడగడానికి పోయింది.

ఆ పేర్లలో మట్టయ్య పేరుంది. సొంత ఊరివాడు, మామ వరుస. మహిపాల్ అదే వీడియోను షేర్ చేసి, పైన మట్టయ్యను ట్యాగ్ చేసి రాశాడు: “మట్టయ్య మామా, నీ వడ్ల కోసం నేను ఎండల మొత్తుకుంటే నీ వేలు లేవలే. కోదాడ పిల్లకు మాత్రం లేసిందా?”

జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో మిల్లు మనుషులూ ఉన్నారు.

వారం తిరక్కముందే మట్టయ్య ఫోన్ చేశాడు. వడ్ల ట్రాక్టర్‌ను మిల్లు గేటు దగ్గరే ఆపేశారట. వీడియోలో ఎక్కువ చూపిన మిల్లే అది. మహిపాల్ బండేసుకొని పోయాడు. ఆకాశం నల్లబడుతోంది. వడ్ల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టా కూడా లేదు.

గుమస్తా పాండురంగం కుర్చీలోంచి లేవలేదు.

“మా మిషన్ దొంగదన్నోడు మా మిషన్ కాడికెందుకొచ్చిండు? ఎవరెవరు లైకు కొట్టిన్రో మాకు సూసే తీరిక యాడిది? నువ్వే పేరు పెట్టి సూపిస్తివి. లైకు తీసెయ్యమను, వడ్లు దించుకుంటం.”

మహిపాల్‌కు చేయాల్సింది తెలుసు. నవనీతకు ఫోన్ చేయాలి. ఆమె గంటన్నరలో వచ్చి ఈ గేటును, ఈ మాటను ఫోన్‌లో పట్టుకుంటే మిల్లు దిగి వస్తుంది. కానీ అదీ ఆమె వీడియోనే అవుతుంది. ఆమె పేరే మోగుతుంది. బయటికి తీసిన ఫోన్‌ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మట్టయ్య తన ఫోన్ చాపాడు.

“నాకు కొట్టుడే తెలుసు బిడ్డా, తీసుడు రాదు. వాన పడితే వడ్లు మొలకలొస్తయ్. జర నువ్వే తియ్యి.”

మహిపాల్ తీశాడు. ఇది మట్టయ్య వడ్ల కోసమే అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ వేలికి అంత తొందరెందుకో, లోపల ఆ చల్లదనమెందుకో అతనికి తెలుసు.

గేటు తెరుచుకుంది. వెనక ట్రాక్టర్ల మీది రైతులు ఇదంతా చూశారు. ఒక్కొక్కరే దిగి వచ్చి ఫోన్లు చాపారు. ముందున్న బక్కయ్య నేల చూస్తూ అడిగాడు.

“నాది గూడ తీసెయ్యన్నా.”

మహిపాల్ ఆ ఫోన్ అందుకున్నాడు.