గున్‌బ్రిట్ చెక్క చెప్పులు

హలో, అందరూ బాగున్నారా? నా మాట వినిపిస్తోంది కదా? ఒక్క నిమిషం కూర్చోండి, మా గున్‌బ్రిట్ సంగతి చెబుతాను.

ఉత్తర స్వీడన్‌లోని మా ఊరి ఆసుపత్రిలో, స్కానింగ్ గది గుమ్మం ముందు నర్సు గున్‌బ్రిట్ ఎప్పటిలాగే చెక్క చెప్పులు విడిచింది. వాటికి ఇనుప మేకులుంటాయి, గదిలోని మిషనేమో పెద్ద అయస్కాంతం. మడమల దగ్గర అరిగిపోయి, ఆమె పాదాల వంకరంతా అచ్చు దిగిన చెప్పులవి. ఉన్ని మేజోళ్ళతో లోపలికి నడిచింది. ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. కేకు కోద్దామన్నవాళ్ళ దగ్గర పొద్దున్నించీ మాట మార్చేస్తోంది.

బల్ల మీద ఆల్గట్ పడుకుని ఉన్నాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకి అకార్డియన్ వాయించే పెద్దాయన. ఏడాదిగా ఆయన అడుగులు నేలకి అతుక్కుపోతున్నాయి. మెదడులోని నీరు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎలా కదులుతోందో బొమ్మలో చూస్తేగానీ ఆపరేషన్ సంగతి డాక్టరు తేల్చడు. ఇప్పటికి రెండుసార్లు బొమ్మ చెదిరింది. ఈసారీ చెదిరితే ఆపరేషన్ తేదీ ఇంకొకరికి పోతుంది.

"మళ్ళీ కాలు ఆడించావో, చూడు!" అంది గున్‌బ్రిట్.

"నేనేం చేయనమ్మాయ్? మీ మిషను దడదడా పోల్కా డాన్సు దరువేస్తుంటే కాలు ఊరుకుంటుందా?"

"పోల్కానా? పాడైన ట్రాక్టరు మోత అది."

"ట్రాక్టరు మోతకీ ఆడినవాణ్ణే!"

అద్దం అవతల మిషను నడిపే లీనస్ నవ్వు మైకులో వినిపించింది. గున్‌బ్రిట్‌కి మాత్రం నవ్వు రాలేదు. కాసేపు ఆయన పాదాలకేసి చూసింది. చెవులకి మూతలు పెట్టుకుని, చెక్క స్టూలు లాక్కుని ఆ పాదాల దగ్గర కూర్చుంది.

"ఎప్పుడూ నువ్వే వాయిస్తావు. ఈపూట దరువు నాది. నువ్వు విను."

మిషను మొదలైంది. ఆమె వేలు ఆయన పిక్క మీద మెత్తగా దరువేసింది. ఆల్గట్ కళ్ళు మూసుకున్నాడు. కాలు కదల్లేదు.

అద్దం అవతలి తెర మీద మెదడులోని నీరు తెల్లగా కిందికి జారి, మరుక్షణం నల్లగా పైకెక్కింది.

"అచ్చం నీ అకార్డియన్ తిత్తేనయ్యా!" అంది గున్‌బ్రిట్ బొమ్మ చూసి.

డాక్టరు వచ్చి చూశాడు. తేదీ ఖాయం చేశాడు.

"రెండుచోట్ల దరువు తప్పావు," అన్నాడు ఆల్గట్, కళ్ళు తుడుచుకుంటూ.

"వేసవి పండక్కి నడిచొచ్చి నేర్పు మరి."

గున్‌బ్రిట్ కాఫీ తాగి, దాల్చినచెక్క రొట్టె సగం లీనస్ చేతిలో పెట్టి, మంచు బూట్లు తొడుక్కుని, రేపొచ్చే మనిషిలాగే వెళ్ళిపోయింది.

మీకు తెలిసినవాళ్ళెవరైనా స్కాన్‌కి భయపడుతుంటే, ఈ కథ వాళ్ళకి పంపండి. గుమ్మం పక్కన ఆమె విడిచిన ఆ చెక్క చెప్పుల్ని లీనస్ ఇప్పటికీ కదపనివ్వడు; వాటి ముక్కులు లోపలివైపే తిరిగి ఉన్నాయి.