ఆగి మోగిన తీగ

తను వాయించిన స్వరం తనకే నేర్పడానికి ఒక మాస్టారు దొరుకుతాడని గుంభనం కలలో కూడా అనుకోలేదు.

గుంభనం అతని అసలు పేరు కాదు. బేస్ గిటార్ వాయిస్తాడు, పైగా మాటల పొదుపరి. అందుకని వాద్యబృందంలో ఎవరో తగిలించిన పేరు. బేస్ వాయించేవాళ్ల బతుకే అంత. పాటలో ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆపితే మాత్రం కాళ్లకింద నేల ఎవరో లాగేసినట్టు అందరూ తలతిప్పి చూస్తారు. ఆ మరుగు అతనికి హాయిగానే ఉండేది. ఒక్క పాట వచ్చి ఆ హాయిని చెడగొట్టింది.

ఆ పాట పల్లవిలో గాయని మొదటి మాట పాడి ఆగుతుంది. తాళం ప్రకారం వెంటనే పడాల్సిన బేస్ స్వరం పడదు. ఇక రాదులే అనుకున్నాక, మెట్ల కమ్మీ మీద నుంచి పిల్లవాడు జారినట్టు జారి, ‘దూ...మ్’ అంటూ వచ్చి కూర్చుంటుంది. పాట మాటలు మరిచిపోయినవాళ్లు కూడా ఆ ‘దూమ్’ను మరిచిపోలేదు. కొందరు దాన్ని విరహం అన్నారు. ఒక విమర్శకుడు ప్రేమికుడి సందేహం అని రెండు పేజీలు రాశాడు. జరిగింది మాత్రం రికార్డింగ్ మధ్యలో గుంభనం గిటార్ పట్టీ ఊడిపోవడం. జారిపోతున్న గిటార్‌ను మోకాలితో ఆపబోతే వేలు తీగ వెంట జారింది. మళ్లీ వాయిద్దామనేలోగా వయొలిన్లవాళ్లు టీకి వెళ్లిపోయారు. సంగీత దర్శకుడు “ఉండనీలే” అన్నాడు.

ఇన్నేళ్లకు గాయని ఆ పాటను మళ్లీ వేదిక మీద పాడబోతోంది. రిహార్సల్ మొదలుపెట్టిన రోజు గుంభనం వాయించగానే డ్రమ్స్ వాయించేవాడు షూ లేసులు సరిచేసుకోవడంలో మునిగిపోయాడు.

“బాగానే ఉంది తమ్ముడూ,” అంది గాయని, కూరలో ఉప్పు లేదని చెప్పలేని చుట్టంలా. “కానీ... అది కాదు.”

మూలన కూర్చున్న ఆమె అల్లుడు మెల్లగా చెయ్యెత్తాడు. అతనూ బేస్ వాయిస్తాడు. “అత్తయ్యా, ఒక్కసారి నేను...”

వాయించాడు. అచ్చం రికార్డే. తీగ చివర గరగరతో సహా దించేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గుంభనం కూడా కొట్టాడు. కొట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“రేపు ఇద్దరూ వాయించండి. ఎవరిది కుదిరితే వాళ్లే స్టేజీ ఎక్కుతారు,” అంది గాయని, ఎవరి వైపూ చూడకుండా.

అల్లుడు మంచివాడు. అదే పెద్ద చిక్కు. మెట్ల దగ్గర గుంభనాన్ని ఆపి మరీ నేర్పాడు.

“బాబాయ్, మాట కాగానే ఊపిరి బిగబట్టాలి. చిటికెన వేలు మాత్రం వదలకూడదు.”

“నా చిటికెన వేలా?”

“మీదే. రికార్డులో స్పష్టంగా తెలుస్తుంది.”

“దానికంత తెలివుందని నాకు తెలీదు అల్లుడు గారూ!”

ఇంటికి వెళ్లి పడకగదిలో పట్టీ వదులు చేసి నిలబడ్డాడు. భార్య దిండు తెచ్చి అతని కాళ్ల దగ్గర వేసింది.

“ఏవండీ, అది ఎప్పుడు పడుతుందో చెబితే దిండు సరిగ్గా పెడతాను.”

“చెప్పి పడేస్తే జారడం ఎలా అవుతుందే?”

“పట్టీ వదులు చేసింది మీరేగా మరి?”

అతను గిటార్ దించి దిండు మీద కూర్చున్నాడు. అల్లుడి మీద కోపం రాలేదు. ఆ పాతరోజున మోకాలు అడ్డుపెట్టినవాడి మీద వచ్చింది. వాడు ఆ క్షణంలో తన్ను తాను గమనించుకోలేదు, అదృష్టవంతుడు. ఇప్పుడు ఏ స్వరం దగ్గరికి వెళ్లినా గుంభనమే ముందుగా వెళ్లి, తలుపు దగ్గర కాపలా నిలబడుతున్నాడు.

మర్నాడు ముందు అల్లుడు వాయించాడు. గాయని కళ్లు మూసుకుని, ఎక్కడా తడబడకుండా పాడేసింది.

గుంభనం వంతు వచ్చింది. నేర్పినట్టే వాయించాలని గట్టిగా అనుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. చిటికెన వేలికి కళ్లతోనే హెచ్చరిక చేశాడు. గాయని మొదటి మాట పాడింది.

మాట చివర చిన్న వణుకు వినిపించింది. చీకట్లో మెట్టు కోసం పాదం తడుముకున్నట్టుంది. రికార్డులో అది లేదు. వయసుతో వచ్చిందేమో. ఆమె పాదానికి మెట్టు ఇంకా అందలేదనిపించింది. అందేదాకా ఆగాడు. లెక్క ఎప్పుడు తప్పిపోయిందో కూడా తెలియలేదు. తర్వాత తీగ జారింది, రికార్డులో కంటే ఆలస్యంగా, ఇంకా కిందికి.

గాయని గిర్రున వెనక్కి తిరిగింది. రెండో మాట ఎత్తుకోవడం మరిచిపోయి పకపకా నవ్వింది.

“ఎక్కడికి పోయావురా?”

“నీ మాట ఇంకా అవలేదనుకున్నా అక్కా.”

“మళ్లీ వాయించు.”

ఈసారి అది కాస్త ముందే వచ్చింది. ఆమె మళ్లీ తిరిగి చూసింది, మళ్లీ నవ్వింది. పాట మాత్రం ఆపలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని పరిగెత్తిస్తున్నట్టు చివరిదాకా పాడింది.

“బాబూ, నువ్వు వాయిస్తుంటే నిద్రలో కూడా పాడేస్తాను,” అంది అల్లుడితో. “వీడు వాయిస్తుంటే భయమేస్తోంది. రేపు స్టేజీ మీద వీడే ఉండాలి.”

అల్లుడి మొహం కాసేపు చిన్నబోయింది. తర్వాత ఫోను పట్టుకుని గుంభనం పక్కకు చేరాడు.

“ఇందాక ఎక్కడ ఆగారు బాబాయ్?”

“ఏమో! నువ్వు రికార్డు చేశావుగా. రాత్రికి విని చెప్పు, నేర్చుకుంటా.”

“చెప్పావంటే ఊరుకోను. ఆ ఫోను ఇటు తే,” అంటూ గాయని చెయ్యి చాచింది.